వినకుండా చెప్పిన రోజర్

ఆ పెద్ద వాన తర్వాత జరిగిన మీటింగులో, ఎల్లారెడ్డి వైపు నుంచి మా రేడియోకు ఏ కబురూ రాలేదని చెప్పింది నేనే. వచ్చింది. నా చెవిలోనే పడింది. అదేమిటో అర్థం కాలేదు. అర్థం కాకపోయినా రోజర్ అని, అంటే అందిందని, బదులిచ్చాను. తర్వాత అసలు రానే రాలేదన్నాను. ఆ రోజు ఎల్లారెడ్డి ఊళ్లో ఉన్న మా మనిషి రేడియో కట్టేసి ముసుగు తన్ని పడుకున్నాడని కామారెడ్డిలో కొందరు ఇప్పటికీ అనుకుంటున్నారు. ఇది వాళ్ల కోసం రాస్తున్నాను.

ముందు ఆ రేడియో సంగతి చెప్పాలి. హ్యామ్ రేడియో అంటే పాటలు వచ్చే రేడియో కాదు. సర్కారు పరీక్ష పెట్టి లైసెన్సు ఇస్తుంది. ఆ లైసెన్సు ఉన్నవాళ్లు సెల్ టవర్లు పనిచేయకపోయినా ఒకరితో ఒకరు మాట్లాడుకోవచ్చు. "మాట్లాడుకోనికి మీకాడ ఏమున్నది?" అని మా ఇంటామె మొదటి రోజే అడిగింది. ఆ ప్రశ్నకు మా కామారెడ్డి రేడియో క్లబ్బు ఇంతవరకూ జవాబు చెప్పలేదు.

నేను జూనియర్ కాలేజీలో ఫిజిక్స్ చెబుతాను. క్లబ్బుకు కార్యదర్శిని. మా అధ్యక్షుడికి ఫంక్షన్ హాలు ఉంది. ఆయన పరీక్ష రాయలేదు, రేడియో పట్టలేదు. అందుకని గౌరవాధ్యక్షుడు అన్నాము. అందరం ఆయనను ప్రెసిడెంట్ సాబ్ అని పిలిచేవాళ్లం.

చేతిలో పట్టుకునే సెట్టు గొంతు ఎక్కువ దూరం పోదు. అందుకే ఎత్తైన చోట ఒక పెట్టె పెడతారు. అది మన చిన్న గొంతును విని, అదే మాటను పెద్ద గొంతుతో మళ్లీ చెబుతుంది. దాన్ని రిపీటర్ అంటారు. కామారెడ్డికీ ఎల్లారెడ్డికీ మధ్య అడవి, గుట్టలు. రిపీటర్ను ఆ గుట్టల్లో ఒకదాని మీద పెట్టాలని మొదట చెప్పింది నేనే. కానీ గుట్ట మీద కరెంటు లేదు, దారి లేదు, ముఖ్యంగా ఫ్లెక్సీ కట్టే చోటు లేదు.

"గుట్ట మీద పెడితే కోతులు చూస్తయి సారూ" అన్నాడు ప్రెసిడెంట్ సాబ్. "మా హాలు మీద పెడితే పెండ్లికొచ్చినోళ్లందరు చూస్తరు."

"అది చూడనికి కాదు సాబ్. దానికి వినబడాలె."

"వినబడతది తియ్యి. సముద్రం అవతలి దేశాలతోటి మాట్లాడుతరు గద మీరు. ఎల్లారెడ్డి ఏమన్న దేశం బయట ఉన్నదా?"

గుట్ట అడ్డమొస్తే ఏమవుతుందో నేను పిల్లలకు బోర్డు మీద బొమ్మ గీసి చెబుతాను. ఆ రోజు మాత్రం "అవును సాబ్" అన్నాను. హాలు మీద స్తంభం లేచింది. రిబ్బను కట్ చేశారు. వచ్చినవాళ్లందరికీ శాలువాలు కప్పారు, మిగిలినవి ఒకరికొకరు కప్పుకున్నాము. ముఖ్య అతిథి రిపీటర్ పెట్టెను తట్టి, ఇందులో భక్తి పాటలు ఏ టైముకు వస్తాయని అడిగాడు. ఎల్లారెడ్డి దాకా పూర్తిగా వినబడుతుందని మైకులో ప్రకటించింది నేను. తర్వాత తెలిసింది, హాలులో పెళ్లి ఉన్నప్పుడు డీజే, లైట్లు, చల్లగాలి మిషన్లు అన్నీ కలిసి లోడు పెరిగితే మొదట ఆగేది మా రిపీటరేనని. ముహూర్తాలు ఎక్కువ ఉన్న నెలల్లో మా అత్యవసర సేవకు తరచూ సెలవు దొరికేది.

రోజూ పొద్దున చాయ్ వేళకు నెట్ ఉండేది. నెట్ అంటే అందరూ రేడియోలో ఒకే చోటికి వచ్చి పలకడం, తరగతిలో హాజరు లాంటిది. పిలిచేవాణ్ణి నేను. ఒక్కొక్కరూ పలికితే వాళ్ల సిగ్నల్ ఎట్లా వచ్చిందో రెండు అంకెల్లో చెప్పాలి. మాట ఎంత స్పష్టంగా ఉందో ఐదుకు ఒక అంకె. ఎంత బలంగా వచ్చిందో తొమ్మిదికి ఇంకొకటి. అన్నిటికంటే మంచిది ఫైవ్ నైన్. ఇది వాస్తవం చెప్పడానికి పెట్టిన పద్ధతి. మా దగ్గర మాత్రం మర్యాద అయిపోయింది. తక్కువ అంకె ఇవ్వడమంటే దావతుకు పోయి కూరలో ఉప్పు లేదనడమే. భిక్నూరు ఆయన ధాబా ముందు నిలబడి మాట్లాడితే లారీ హారన్లు తప్ప ఏమీ వినబడేది కాదు, ఫైవ్ నైన్. మాచారెడ్డి ఆయన బ్యాటరీ దిగిపోయి గొంతు బావిలోంచి వచ్చినట్టుండేది, ఫైవ్ నైన్. ఒకసారి రామారెడ్డి ఆయనకు నిజం చెప్పి త్రీ ఇచ్చాను. వెంటనే ఫోన్ చేశాడు.

"నేనేం చేసిన సార్ మీకు? మా తమ్ముని పెండ్లికి పిలవలేదనా?"

ఆ తర్వాత ఎవరికీ త్రీ ఇవ్వలేదు.

ఇందులో ఇంకో తమాషా ఉంది. నా సెట్టు మీద బలం చూపించే ముల్లు ఒకటి ఉంటుంది. ఎవరు మాట్లాడినా ఆ ముల్లు చివరిదాకా పోయి ఆనుకునేది. ఎందుకంటే నాకు చేరేది వాళ్ల గొంతు కాదు. మా వీధి చివర ఉన్న హాలు మీది రిపీటర్ గొంతు. నేను రోజూ ఇచ్చే తొమ్మిది మా ప్రెసిడెంట్ సాబ్ స్తంభానికి పోయేది. దాని ముందున్న ఐదు మాత్రం నేను ఊరికే పంచిపెట్టింది. రిపీటర్ నోరు పెద్దది, చెవి చిన్నది. అది చెప్పేది ఎల్లారెడ్డిలో గణగణా వినబడేది. ఎల్లారెడ్డి చెప్పేది దానికి సగం కూడా వినబడేది కాదు. కార్యదర్శిగా నేను కూడా దాని మాదిరే పనిచేశాను.

ఎల్లారెడ్డిలో మాకు ఉన్నది ఒక్కడే మనిషి. ఎరువులు, విత్తనాల దుకాణం. నాకంటే పెద్దవాడు, అన్నా అని పిలిచేవాణ్ణి. ఆయన నన్ను తమ్మీ అనేవాడు. నడివయసులో పుస్తకాలు పట్టుకొని పరీక్ష పాసై, దుకాణం మీద ఇనుప పైపు లేపి, దాని కొసన యాంటెన్నా బిగించాడు. మాటకారి. వచ్చిన రైతుకు విత్తనాల సంచి ఇచ్చేలోపు రేడియో సంగతి చెప్పకుండా వదిలేవాడు కాదు.

"కామారెడ్డిల నన్ను ఫైవ్ నైన్ వింటున్నరు."

"అంటే ఏంది సేటు?"

"అంటే పక్క కుర్చీల కూసోని మాట్లాడినట్టు."

లోపలి నుంచి వదిన గొంతు వచ్చేది. "పక్క కుర్చీల కూసోని నేను పిలిస్తె పలుకడు గని, కామారెడ్డోళ్లకు పలుకుతడట."

నాకు రోజూ వినబడింది ఇది: కర్ర్... మార్నింగ్... కర్ర్... చాయ్... కర్ర్... నమస్తే. మిగిలింది నేను నింపుకునేవాణ్ణి. కష్టమేమీ కాదు. గుడ్ మార్నింగ్, ఎల్లారెడ్డి నుంచి, చాయ్ తాగినం, వాన లేదు, అందరికీ నమస్తే. నిన్న చెప్పిందే ఇవాళ. మా నెట్‌లో ఎవరూ కొత్త మాట చెప్పేవాళ్లు కాదు కాబట్టి, ఎవరికీ వినవలసిన పని ఉండేది కాదు. ఆయన రోజూ పలుకుతున్నాడన్నదే ఆధారంగా జిల్లా పటం మీద గుండ్రంగా గీత గీశాను. ఎల్లారెడ్డిని లోపల పెట్టి ఆకుపచ్చ రంగు వేశాను. ప్రెసిడెంట్ సాబ్ దాన్ని ఫ్రేము కట్టించి హాలు గేటు దగ్గర, మెనూ బోర్డు పక్కన తగిలించాడు.

తర్వాత ఆ వాన వచ్చింది. చెరువులు అలుగు పోశాయి, రోడ్లు తెగాయి, పొద్దున లేచేసరికి ఫోన్లు లేవు. చెప్పడానికి సిగ్గుగా ఉంది గానీ మాకు పండగలా ఉండింది. ఇన్నేళ్లుగా ఏ ఆపదా రాక, మేమెందుకున్నామని ఎవరైనా అడుగుతారేమోనని మాకు లోపల బెంగ. ప్రెసిడెంట్ సాబ్ రెయిన్‌కోటు వేసుకొని ఫోటోగ్రాఫరును వెంటబెట్టుకొని మా ఇంటికే వచ్చాడు. పెళ్లిళ్లకు ఫోటోలు తీసే ఆయనే.

"సారూ, మైకు పట్టుకోని జరంత ఇటు చూడుండ్రి."

"నెట్ నడుస్తున్నది సాబ్."

"నడవనియ్యి. నడుస్తున్నట్టే రావాలె ఫోటోల."

భిక్నూరు పలికింది. మాచారెడ్డి పలికింది. ఆ తర్వాత అన్న గొంతు. కర్ర్... బడిల... కర్ర్ర్... నీళ్లు... మంది... కర్ర్... రోజుటికంటే ఎక్కువసేపు మాట్లాడాడు, అది గమనించాను. బడులు బంద్, ఊరంతా నీళ్లు, అదే చెబుతున్నాడనుకున్నాను. రోజూ చేసినట్టే నింపేసుకున్నాను. "నవ్వొద్దు సార్, వరదల ఉన్నట్టు పెట్టుండ్రి మొకం" అన్నాడు ఫోటోగ్రాఫరు. వరద మొహం పెట్టి, బటన్ నొక్కి అన్నాను:

"ఎల్లారెడ్డి స్టేషన్, రోజర్, రోజర్. ఫైవ్ నైన్. మీ మాట పూర్తిగా అందింది. ధన్యవాదాలు. తర్వాతి స్టేషన్ రావాలి."

ఫోటో బాగా వచ్చింది.

అవతల జరిగింది నాకు చాలా రోజుల తర్వాత తెలిసింది. ఇక్కడే చెప్పేస్తాను. ఎల్లారెడ్డి అవతల, వాగు దాటితే ఒక చిన్న పల్లె. అది వదిన పుట్టిల్లు. వాన పట్టు చూసి ఇద్దరూ ముందురోజే అత్తను తోలుకొద్దామని పోయి అక్కడే చిక్కుకున్నారు. అన్న తన సెట్టు, ఒక ట్రాక్టరు బ్యాటరీ వెంట తీసుకుపోయాడు. పొద్దునకల్లా కింది ఇండ్లలోకి నీళ్లు వచ్చాయి. పిల్లాజెల్లా, ముసలివాళ్లు అందరూ బడిలో చేరారు. తిండి లేదు, తాగే నీళ్లు లేవు. వాగు మీది వంతెన మీద నీళ్లు అప్పటికి మోకాళ్ల దాకానే ఉన్నాయి. వదిన తమ్ముడు ట్రాక్టరు తీశాడు. ఇప్పుడైతే దాటగలను, ఎల్లారెడ్డి పోయి సర్కారు ఆఫీసులో చెప్పి ఎవరినైనా తీసుకొస్తానన్నాడు. అప్పటికే అన్న బడి అరుగు మీద నిలబడి నన్ను పిలుస్తున్నాడు. బడిలో ఉన్నవాళ్లంతా చుట్టూ మూగారు. నా జవాబు అందరూ విన్నారు. రిపీటర్ నోరు పెద్దది కదా, ఒక్క అక్షరం పోలేదు. పూర్తిగా అందింది.

"ఆగు బామ్మర్ది" అన్నాడట అన్న. "వాగుల పానం మీదికి ఎందుకు తెచ్చుకుంటవ్? కామారెడ్డికి అందింది. నీ చెవులతోనే విన్నవు గద."

ట్రాక్టరు ఆగింది. మధ్యాహ్నానికి వంతెన కనబడకుండా పోయింది. మర్నాడు నీళ్లు తగ్గేదాకా ఎవరూ రాలేదు. పిల్లలు తడిసిన మక్క కంకులు పచ్చివే తిన్నారు. అత్తకు జ్వరం వచ్చింది. ఏ చప్పుడైనా జనం బయటికి చూసేవాళ్లు.

"ఏరి అల్లుడా, మీవోళ్లు?"

"వస్తున్నరు అవ్వా. అందింది అన్నరు."

ఆ మాట ఎన్నిసార్లు చెప్పాడో ఆయనకే తెలియదు. చివరికి అడిగేవాళ్లే మానుకున్నారట.

వాన వెలిశాక మీటింగు జరిగింది. అధికారులు, సేవా సంఘాలు, మేము. ఒక అధికారి కాగితం చూస్తూ అడిగాడు: "ఎల్లారెడ్డి అవతలి ఊరోళ్లు రేడియోల చెప్పినం అంటున్నరు. మీకేమన్న వచ్చిందా?"

బడిల... నీళ్లు... మంది. ఆ మూడు మాటలూ అప్పుడు, ఆ కుర్చీలో, నాకు అర్థమయ్యాయి. రోజర్ అన్న నా గొంతు కూడా గుర్తొచ్చింది. నిజం చెబితే ఆకుపచ్చ పటం పోతుంది, హాలు మీది స్తంభం ఎందుకన్న ప్రశ్న వస్తుంది. ప్రెసిడెంట్ సాబ్ నా వైపు చూడలేదు. ఎవరూ నన్ను బలవంతం చేయలేదు.

"రాలేదు సార్" అన్నాను. "ఆయన సెట్టు ఖరాబై ఉంటది."

నిరంతరాయంగా సేవ చేసినందుకు నాకు ఆ రోజే శాలువా కప్పారు. ఉక్కపోతగా ఉన్నా ఇంటికి వెళ్లేదాకా తీయలేదు, నలుగురూ చూస్తారని.

అన్న నెట్‌కు రావడం మానేశాడు. నేను రోజూ పిలిచేవాణ్ణి. రిపీటర్ చిన్నగా బుస్సుమని ఊరుకునేది. "అలిగిండు" అన్నాడు భిక్నూరు ఆయన. కొత్త పటం గీయాలని ప్రెసిడెంట్ సాబ్ తొందరపెట్టాడు, దానికి ఎల్లారెడ్డి హాజరు కావాలి. బతుకమ్మ పండుగ వెళ్లాక బస్సెక్కాను. నేను అన్న దగ్గరికి మొదట బయలుదేరింది ఈ పని మీదనే గానీ పశ్చాత్తాపంతో కాదు. ఒక శాలువా, ఒక మిఠాయి డబ్బా మాత్రం తీసుకున్నాను.

దుకాణం ముందు యూరియా కోసం వరుస ఉంది. పైకప్పు మీద పైపు లేదు. అది పెరట్లో రెండు గుంజల మధ్య బట్టలారేసుకోవడానికి పనికొస్తోంది. వరుసలో ఒకాయన గట్టిగా అడిగాడు.

"యూరియా లోడు వస్తదా సేటు? లేకుంటె కామారెడ్డికి అందింది అంటవా?"

అందరూ నవ్వారు. అన్న తలెత్తకుండా రసీదు రాశాడు.

నన్ను చూసి లోపలికి తీసుకుపోయి చాయ్ ఇప్పించాడు. "సెట్టు ఖరాబైందని మీటింగుల చెప్పినవట తమ్మీ. అయి ఉండొచ్చు. ఇప్పి చూసిన, నాకైతే ఏం దొరకలే. గని రోజర్ అన్నది నువ్వే గద?"

నా మీద అనుమానం రాలేదు ఆయనకు. తన సెట్టునే తప్పు పడుతున్నాడు. నేను శాలువా తీసి, మీ సేవలకు క్లబ్బు తరఫున చిన్న సన్మానం అన్నాను. వదిన గుమ్మంలో నిలబడి చూస్తోంది.

"శాలువ ఎందుకు సారూ? కప్పుకోని ఎటు పోవాలె ఈయన? బతుకమ్మకు మా అవ్వగారింటికి నేనొక్కదాన్నే పోయిన. అల్లుడు ఏడి అంటె జరం అని చెప్పిన. వచ్చె ఏడు ఏం చెప్పాలె?"

అప్పుడు నోరు తెరిచాను. వినబడింది గానీ అర్థం కాలేదని, అయినా అందిందన్నానని, మీటింగులో అబద్ధమాడానని చెప్పాను. బయట వరుసలో ఉన్నవాళ్లకు వినబడకుండా చెప్పాను. అన్న చాయ్ కప్పు కింద పెట్టాడు.

"రోజు ఇచ్చిన ఫైవ్ నైన్?"

"అది కూడ అంతే అన్నా."

"ఇన్నేండ్లు?"

నేను తలూపాను. వదినే మాట్లాడింది.

"గంత మెల్లగ చెప్తున్నవేంది సారూ? ఆ దినం గట్టిగనే చెప్తివి గద, బడంత ఇనబడ్డది. ఈడ చెప్తె ఏమొస్తది? నీ గొంతు ఇన్నోళ్లు ఆడున్నరు. నడు."

"ఇప్పుడు ఎందుకే" అన్నాడు అన్న.

"ఇప్పుడే. ఈయన బస్సెక్కి పోయిండంటె మల్ల ఏ రేడియోల దొరుకుతడు?"

వదినే దుకాణం మూసింది. యూరియా వరుస గొణుక్కుంటూ విడిపోయింది. ఆటోలో ముగ్గురం పోయాము. వంతెన దగ్గర అన్న ఆపమన్నాడు. "మీరు పోయి రాండ్రి. నేను ఈడ్నె ఉంట."

"దిగినవంటె చూడు" అంది వదిన. ఆయన దిగలేదు.

పల్లె చేరేసరికి బడి విడిచే వేళ. అరుగు మీద కొందరు ఆడవాళ్లు కూర్చున్నారు. అన్న అత్త కర్ర ఊతంతో వచ్చింది. ట్రాక్టరు బామ్మర్ది చేతులు కట్టుకొని స్తంభానికి ఆనుకున్నాడు. బావను పలకరించలేదు. ఇంకా పదిమంది పోగయ్యారు. నేను గొంతు సవరించుకొని, రేడియో తరంగాలు నేరుగా ప్రయాణిస్తాయి, మధ్యలో గుట్టలు ఉన్నప్పుడు... అని మొదలుపెట్టాను. తరగతిలో పనికొచ్చే గొంతు అది.

"సారూ, పాఠం వద్దు" అన్నాడు బామ్మర్ది. "ఆ దినం డబ్బాల మాట్లాడింది నువ్వేనా?"

"నేనే."

"మా బావ చెప్పింది నీకు ఇనబడ్డదా?"

"వినబడింది. అర్థం కాలేదు."

"అర్థం కాకపోతె మల్ల చెప్పు అనొచ్చు గద. అందింది అని ఎందుకన్నవ్?"

ఇంత చిన్న ప్రశ్న మా క్లబ్బులో ఎవరూ ఎప్పుడూ అడగలేదు. మళ్లీ చెప్పండి అనే మాట మా నెట్‌లో విన్న గుర్తు లేదు.

"అలవాటైంది" అన్నాను.

"అలవాటా!" అంది ముసలామె. "పొల్లగాండ్లు పచ్చి కంకులు తినుకుంట నీ తొవ్వ చూసిండ్రయ్యా. ఈ అల్లుని నేను నోటికొచ్చినట్టు తిట్టిన. ఆయన నాకు ఎదురు మాట్లాడలె."

అన్న ఆటో పక్కనే నిలబడి నేల చూస్తున్నాడు. నేను అరుగు దిగి, ఆయనకూ వాళ్లకూ మధ్యన నిలబడ్డాను. ఈసారి గట్టిగా చెప్పాను.

"మీ అల్లుడు అబద్ధం ఆడలే. ఆయన కబురు పంపిండు. నేను వినకుంటనే అందింది అన్న. ట్రాక్టరు ఆగింది నా మాట మీద, ఆయన మాట మీద కాదు. తర్వాత కబురే రాలేదని పెద్దోళ్ల ముంగట చెప్పిన. అది కూడ నేనే. మీరు ఒక దినం, ఒక రాత్రి ఉపాసం ఉన్నది నా వల్ల. నన్ను మాఫ్ చెయ్యుండ్రి." తర్వాత ఆయన వైపు తిరిగాను. "అన్నా, నీ సెట్టుకు ఏం కాలేదు. నీ మాటకు కూడ ఏం కాలేదు. రెండు ఖరాబైనయని చెప్పినోణ్ణి నేను. ఇదే మాట కామారెడ్డిల, ఆ మీటింగుల కూసున్నోళ్లకు కూడ చెప్త. నన్ను మాఫ్ చెయ్యి."